ఏమీ చెప్పకపోతే ఏం పంపాలి?

మదీనా కూడలి దాటి చార్మినార్ వైపు నడుస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులు వరసగా కనిపిస్తాయి. అదే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరవాత నగరాన్ని తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ బోర్డే ఈ బజారును వెడల్పు చేసి, దుకాణాలన్నిటికీ ఒకే తీరు రాతి ముఖభాగం కట్టించింది. ముత్యాలు, బట్టలు, అత్తర్లు అమ్మే ఈ కమానుల వెనక సందుల్లోకి తిరిగితే ఛత్తాబజార్ వస్తుంది. ఒకప్పుడు కాతిబులనే లేఖకుల చేతిరాతకూ, ఇప్పుడు షాదీ రుక్కాలకూ పెళ్లిపత్రికలకూ పేరుబడ్డ అచ్చుపని బజారు అది.

ప్రపంచంలో కోట్లమంది ప్రోగ్రామర్లు రోజూ వాడే ఒక ఆదేశంలో చాలాకాలం దాగి ఉన్న చిక్కు ఈ అధ్యాయానికి విషయం. దాన్ని అర్థం చేసుకోవడానికి ఛత్తాబజార్‌లోని ఒక అచ్చు దుకాణాన్ని ఊహించుకుందాం.

ఒక మాట, అయిదు అర్థాలు

దుకాణం ముందుగదిలో ఇద్దరు ఆపరేటర్లు చెరో కంప్యూటర్ ముందు కూర్చుని కార్డులు డిజైన్ చేస్తుంటారు. వెనకగదిలో అచ్చు యంత్రం, దాని పక్కన మరో కంప్యూటర్. అందులో ఒక్కో గిరాకీ పేరున ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. యంత్రం నడిపే మనిషి ఆ ఫోల్డర్లలో ఉన్నదే అచ్చు వేస్తాడు. ముందుగదిలోని రెండు కంప్యూటర్లలోనూ అవే పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. కొన్ని ఇవాళ సరిదిద్దినవి, కొన్ని పోయిన వారం తెరిచి సగంలో వదిలేసినవి.

మొదటి ఆపరేటర్ ఒక కార్డులో ముహూర్తం సరిచేశాడు. "పంపు" అన్నాడు. ఏది పంపాలో చెప్పలేదు. ఆ మాటను ఎలా తీసుకోవాలి?

వెనకగదిలో ఏయే పేర్లతో ఫోల్డర్లు ఉన్నాయో చూసి, ఆ పేర్లున్న ఫోల్డర్లన్నీ ఇక్కడినుంచి పంపేయడం ఒక పద్ధతి. ఇప్పుడు తెర మీద ఉన్న ఒక్క కార్డునే, అదే పేరుతో పంపడం రెండోది. అక్కడ ఆ పేరున ఫోల్డర్ లేకపోతే కొత్తది తెరుస్తారు. తెర మీద ఉన్న కార్డు మొదట ఏ ఫోల్డర్ నుంచి తెచ్చుకున్నదో అందులోకే తిరిగి పంపడం మూడోది. ఇక్కడ పేరు మార్చుకున్నా సరే, పాత చోటికే వెళుతుంది. రెండోదీ మూడోదీ ఒకే చోటును చూపిస్తేనే పంపి, లేకపోతే ఆగి అడగడం నాలుగోది. ఏం పంపాలో విడమరిచి చెప్పేదాకా కదలకపోవడం అయిదోది.

ప్రోగ్రామర్లు తమ పనిలోని మార్పులను దాచుకుని, పంచుకునే గిట్ అనే పనిముట్టులో "పంపు" అన్న ఆదేశాన్నే పుష్ అంటారు. అక్కడ ఈ అయిదింటికీ పేర్లున్నాయి. వరసగా మ్యాచింగ్, కరెంట్, అప్‌స్ట్రీమ్, సింపుల్, నథింగ్. 2005 నుంచి 2014 దాకా గిట్ మొదటి అర్థాన్ని తీసుకుంది. 2014 మే 28న వెలువడిన గిట్ 2.0 నుంచి నాలుగో అర్థాన్ని తీసుకుంటోంది. వాడుకరి నోరు విప్పని చోట పనిముట్టు ఏం చేయాలన్న ఈ మార్పు వెనక, ఇలా ఏమీ చెప్పనప్పుడు అమలయ్యే డిఫాల్ట్‌లు మనుషుల మీద ఎలా పనిచేస్తాయో, వాటిని ఎంత జాగ్రత్తగా మార్చాలో తెలిపే పాఠం ఉంది.

పుష్ చేసినప్పుడు లోపల జరిగేది

గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో రాశాడు. లినక్స్ కెర్నెల్ పనికి అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్ అనే పనిముట్టు ఉచితంగా దొరకడం ఆగిపోవడంతో కొత్తది అవసరమైంది. అదే ఏడాది జులైలో నిర్వహణ బాధ్యత జునియో హమానో చేతికి వచ్చింది. ఇవాళ్టికీ ఆయనే నిర్వహిస్తున్నాడు.

గిట్ దాచుకునే ప్రతి మార్పునూ కమిట్ అంటారు. అందులోని సమాచారాన్నంతా గణితసూత్రంతో కుదించి 40 అంకెలూ అక్షరాలూ ఉన్న ఒక గుర్తును తయారుచేస్తారు. ప్రతి కమిట్ తనకు ముందున్న కమిట్ గుర్తును తనలో రాసుకుంటుంది. కాబట్టి ఏ కమిట్‌ను పట్టుకున్నా వెనక్కి నడుచుకుంటూ మొదటిదాకా వెళ్లవచ్చు. బ్రాంచి అనగానే పెద్ద చెట్టుకొమ్మను ఊహించుకోనక్కరలేదు. మామూలుగా అది 41 బైట్ల చిన్న ఫైలు. 40 అక్షరాల గుర్తు, చివర లైను ముగింపు. అంతే. "ఈ పని ప్రస్తుతం ఈ కమిట్ దగ్గర ఉంది" అని అది చెబుతుంది. కొత్త కమిట్ చేసినప్పుడల్లా ఆ గుర్తు ముందుకు జరుగుతుంది.

పుష్ చేసినప్పుడు మన కంప్యూటర్ ముందుగా సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్ తన దగ్గరున్న బ్రాంచీల పేర్లనూ, ఒక్కొక్కటీ ఏ కమిట్ దగ్గర ఉందో ఆ గుర్తులనూ పంపుతుంది. మన కంప్యూటర్ ఆ జాబితాను తన జాబితాతో పోల్చి, దేన్ని ముందుకు జరపాలో నిర్ణయించుకుంటుంది. ప్రతి బ్రాంచికీ మూడు సంగతులు తిరిగి పంపుతుంది: పాత గుర్తు, కొత్త గుర్తు, బ్రాంచి పేరు. వాటితోపాటు సర్వర్ దగ్గర లేని సమాచారాన్ని ఒక మూటగా కట్టి పంపుతుంది.

ఇక్కడ ఒక కాపలా ఉంది. కొత్త కమిట్ నుంచి వెనక్కి నడిస్తే పాత కమిట్ తగలాలి. అప్పుడే చరిత్ర ముందుకు సాగినట్టు. తగలకపోతే, మధ్యలో మరొకరు చేసిన పని మన దగ్గర లేదన్నమాట. అప్పుడు పుష్‌ను తిరస్కరిస్తారు. దీన్ని తోసిరాజనడానికి 'ఫోర్స్' అనే మాట జోడిస్తే, సర్వర్‌లో ఉన్నదాన్ని పక్కకు నెట్టి మన గుర్తునే అక్కడ పెడుతుంది.

సర్వర్ పంపిన జాబితాను ఏ మేరకు పోల్చుకోవాలన్న దగ్గరే అయిదు అర్థాల చిక్కు మొదలవుతుంది. మ్యాచింగ్ పద్ధతిలో, రెండు చోట్లా ఒకే పేరుతో ఉన్న ప్రతి బ్రాంచినీ జరపడానికి ప్రయత్నిస్తుంది. మనం ఇప్పుడు ఏ బ్రాంచిలో పనిచేస్తున్నామన్నది దానికి పట్టదు.

ఒకరికి సరిపోయినది అందరికీ ఎందుకు సరిపోలేదు

మ్యాచింగ్‌ను తొందరపాటు నిర్ణయం అనుకుంటే పొరపాటు. అది పుట్టిన చోట ఎంతో సహజమైనది. తొలిరోజుల్లో కెర్నెల్ రాసేవాళ్లలో ప్రతి నిర్వాహకుడికీ బయటివాళ్లు చూడడానికి ఒక బహిరంగ రెపో, అంటే కమిట్‌లూ బ్రాంచీలూ దాచి ఉంచే భాండారం, ఉండేది. అందులోకి పంపేది ఆయన ఒక్కడే. మిగతావాళ్లు దాన్నుంచి తెచ్చుకునేవారు తప్ప అందులో పెట్టేవారు కాదు. ఆయన ఇంట్లో కూర్చుని నాలుగైదు బ్రాంచీలలో రోజంతా పనిచేసి, పరీక్షించి, అంతా సిద్ధమయ్యాక ఒక్కసారి పుష్ చేసేవాడు. బయట పెట్టదలచిన బ్రాంచీలు అన్నీ ఒకేసారి వెళ్లాలి. సొంత ప్రయోగాల బ్రాంచీలు బయటికి పోకూడదు. బయట ఇప్పటికే ఉన్న పేర్లనే పంపాలన్న నియమం ఈ రెండు అవసరాలనూ తీర్చింది. మన దుకాణంలో ఒకే ఆపరేటర్ ఉండి, సాయంత్రం కార్డులన్నీ సరిచూసుకున్నాక "పంపు" అంటే కూడా ఇదే పద్ధతి బాగుంటుంది.

గిట్ రెపోలను ఇంటర్నెట్‌లో ఉంచుకునే గిట్‌హబ్ 2008లో వచ్చింది. సబ్‌వెర్షన్ వంటి పాత పనిముట్లకు అలవాటుపడ్డ కంపెనీలు, కళాశాలలు గిట్ వైపు మళ్లాయి. వాళ్ల పని తీరు వేరు. ఒకే రెపోలోకి పదిమంది, ఇరవైమంది పంపుతారు. ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన బ్రాంచీలు పడి ఉంటాయి. తాను పనిచేసిన బ్రాంచి ఒక్కటే వెళుతుందనుకుని కొత్తవాడు పుష్ చేస్తే, మిగతా పాత బ్రాంచీల గురించి తిరస్కరణ సందేశాలు వరసగా వచ్చేవి. అతను వాటిని ముట్టుకోనే లేదు. తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

అసలు ప్రమాదం ఆ తరవాతి అడుగులో ఉంది. తిరస్కరణ వచ్చిందని చిరాకుపడి, ఎవరో చెప్పారని ఫోర్స్ జోడిస్తే, ఒకే పేరున్న బ్రాంచీలన్నీ ఒక్కసారిగా అతని దగ్గరున్న పాత స్థితికి వెనక్కి పోయేవి. తోటివాళ్లు పంపిన వారం పది రోజుల పని సర్వర్‌లోని బ్రాంచీల నుంచి మాయమయ్యేది. నిజానికి ఆ కమిట్‌లు వెంటనే చెరిగిపోవు. ఏ బ్రాంచీ చూపించని సమాచారాన్ని కూడా గిట్ మామూలుగా రెండు వారాలదాకా ఊడ్చిపారేయదు. ఎవరి కంప్యూటర్‌లోనో వాటి ప్రతి ఉంటుంది. కానీ ఆ సంగతి తెలిసి, గుర్తులు వెతికి, వెనక్కి తెచ్చేదాకా జట్టు మొత్తం పని ఆగిపోతుంది.

ఒక్క దెబ్బకు ఎన్నో చోట్ల రాసేసే ఆదేశం ఎంత నష్టం చేయగలదో 2013 నవంబరులో ప్రపంచం చూసింది. జెన్‌కిన్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో పొరపాటున జరిగిన ఒక ఫోర్స్ పుష్ వల్ల గిట్‌హబ్‌లోని 150కి పైగా రెపోలలో బ్రాంచీలు పాత స్థితికి వెళ్లిపోయాయి. దానికి కారణం మ్యాచింగ్ కాదు, వేరే అమరిక. గిట్‌హబ్ సిబ్బంది, ప్రాజెక్టు సభ్యులు కలిసి వాటిని తిరిగి నిలబెట్టారు. ఎంత నష్టం జరుగుతుందన్నది చేసినవాడి తెలివిని బట్టి కాకుండా ఆదేశం ఎంత దూరం చేరుతుందన్నదాన్ని బట్టి ఉంటుందని ఆ ఘటన స్పష్టంగా చూపింది.

డిఫాల్ట్ బలం ఎంత?

ప్రోగ్రామర్లు తెలివైనవాళ్లు కదా, తమకు కావలసిన అమరిక తామే పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. 2009 మేలో వచ్చిన గిట్ 1.6.3లోనే పుష్.డిఫాల్ట్ అనే అమరిక చేరింది. కావలసినవాళ్లు అప్పటినుంచీ మార్చుకోవచ్చు. ఎక్కువమంది మార్చుకోలేదు. ఇది ప్రోగ్రామర్ల బద్ధకం కాదు, మనుషులందరి స్వభావం. దీని మీద మంచి పరిశోధనలున్నాయి.

2001లో బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో పదవీ విరమణ పొదుపు పథకాన్ని పరిశీలించారు. చేరతామని ఫారం నింపితేనే చేర్చుకునే పద్ధతిలో, కొత్త ఉద్యోగుల్లో 49 శాతం చేరారు. వద్దని చెప్పనివాళ్లందరినీ చేర్చుకునే పద్ధతికి మారాక 86 శాతం పథకంలో ఉన్నారు. పథకం అదే, జీతం అదే, వద్దనే స్వేచ్ఛ కూడా అలాగే ఉంది. ఏమీ చెప్పకపోతే జరిగేది మాత్రమే మారింది. ఆ పరిశోధనలో మరో సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. కంపెనీ తనకు తానుగా పెట్టిన పొదుపు రేటు జీతంలో 3 శాతం. అది చాలా తక్కువ. అయినా ఎంతోమంది దాన్ని పెంచుకోకుండా అక్కడే ఉండిపోయారు. మంచి డిఫాల్ట్ మేలు చేస్తుంది, పిరికి డిఫాల్ట్ అంతే బలంగా కట్టి పడేస్తుంది.

2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ యూరప్ దేశాల్లో అవయవదాన సమ్మతిని పోల్చారు. ఇస్తామని చెప్పినవాళ్లనే లెక్కించే జర్మనీలో సమ్మతి 12 శాతం. వద్దని చెప్పనివాళ్లందరినీ లెక్కించే పక్కదేశం ఆస్ట్రియాలో 99.98 శాతం. ఇవి చట్టం దృష్టిలో సమ్మతి లెక్కలు. నిజంగా జరిగే అవయవ మార్పిడులు ఆసుపత్రుల ఏర్పాట్ల మీద, కుటుంబాల నిర్ణయం మీద కూడా ఆధారపడతాయి. మన దేశంలో 1994 చట్టం ప్రకారం సమ్మతి విడిగా తీసుకోవాలి. తెలంగాణలో పంజాగుట్ట నిమ్స్ కేంద్రంగా పనిచేసే జీవన్‌దాన్ కూడా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. ఏది సరైనదన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒకటే. మౌనానికి మనం చెప్పే అర్థమే కోట్లమంది తరఫున తీసుకున్న నిర్ణయమై కూర్చుంటుంది.

సింపుల్ పుట్టిన తీరు

మ్యాచింగ్ పోవాలన్న దగ్గర గిట్ రాసేవాళ్లలో చాలామందికి ఏకాభిప్రాయం కుదిరింది. దాని చోట ఏది రావాలన్న దగ్గర కుదరలేదు. కొందరు కరెంట్ కావాలన్నారు, కొందరు అప్‌స్ట్రీమ్ కావాలన్నారు.

అప్‌స్ట్రీమ్‌లోని ప్రమాదం చూడండి. సర్వర్‌లో జట్టు అంతా నమ్ముకునే ప్రధాన బ్రాంచి నుంచి నేరుగా నేను ఒక కొత్త బ్రాంచి తెరిచి, ప్రయోగం మొదలుపెట్టాను. గిట్ నా బ్రాంచికి మూలం ప్రధాన బ్రాంచి అని గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడు ఏమీ చెప్పకుండా పుష్ చేస్తే నా సగంపని నేరుగా ప్రధాన బ్రాంచిలోకే వెళ్లిపోతుంది. కరెంట్‌లో ఆ భయం లేదు. కానీ నా బ్రాంచికి నేను ఏ పేరు పెడితే ఆ పేరుతో సర్వర్‌లో కొత్త బ్రాంచి తెరుచుకుంటుంది. అనుకోకుండా ఎవరిదో పేరుతో కలిస్తే అందులోకే వెళుతుంది.

2012లో మథియూ మోయ్ రాసిన సింపుల్ ఈ రెండు పక్షాలనూ కలిపింది. అప్పట్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడైన ఆయనకు, కొత్తగా గిట్ నేర్చుకునే విద్యార్థులు ఎక్కడ తడబడతారో దగ్గరగా తెలుసు. పనిచేస్తున్న బ్రాంచి ఒక్కటే వెళ్లాలి. దాని పేరూ, దాని మూలం పేరూ ఒకటైతేనే వెళ్లాలి. తేడా ఉంటే ఆగిపోయి, "మీ ఉద్దేశం ఇదైతే ఇలా టైపు చేయండి, అదైతే అలా టైపు చేయండి" అని రెండు దారులూ చూపాలి.  ఈ పద్ధతి 2012 జూన్‌లో గిట్ 1.7.11తో వచ్చింది. తెచ్చుకునే చోటు ఒకటి, పంపే చోటు మరొకటి అయిన సందర్భంలో కరెంట్ లాగానే పనిచేయడం ఆ తరవాత చేరింది.

కరెంట్ వైపువాళ్లకూ అప్‌స్ట్రీమ్ వైపువాళ్లకూ ఒకే ఫలితం వచ్చే చోట సింపుల్ నిస్సంకోచంగా పనిచేస్తుంది. వాళ్లిద్దరూ విభేదించే చోట వాడుకరిని అడుగుతుంది. నిపుణులే ఒక మాటకు రెండు అర్థాలు చెప్పుకుంటున్నప్పుడు, ఆ మాటను విన్న యంత్రం ఊహించి పనిచేయడం తగదు. ఆ వివేకమే సింపుల్‌లో ఉంది.

నడుస్తున్న బండి చక్రం మార్చడం

కొత్త పద్ధతి సిద్ధమైంది. రాత్రికి రాత్రి మార్చేస్తే? పాత పద్ధతిని నమ్ముకుని రాసుకున్న స్క్రిప్టులు, నెలకోసారి నడిచే విడుదల పనులు మౌనంగా దెబ్బతింటాయి. అయిదు బ్రాంచీలు పంపవలసిన స్క్రిప్టు ఒకటే పంపి, అంతా బాగున్నట్టు ముగుస్తుంది. తప్పు బయటపడేసరికి వారాలు గడుస్తాయి.

గిట్ బృందం అప్పటికే ఒక చేదు అనుభవం చూసి ఉంది. 2008 ఆగస్టులో వచ్చిన గిట్ 1.6.0లో, మధ్యలో గీత పెట్టి పిలిచే పాత ఆదేశాలను మామూలు చోటు నుంచి తీసేశారు. రాబోతున్నదని విడుదల పత్రాల్లో ముందే రాశారు. చాలామంది వాటిని చదవలేదు. స్క్రిప్టులు ఆగిపోయాక ఫిర్యాదులు వచ్చాయి. చదవనివాడికి కూడా చేరేలా చెప్పాలంటే, పనిచేసే చోటే, పనిచేసే క్షణంలోనే చెప్పాలని అప్పుడు తేలింది.

పుష్ విషయంలో ఆ పాఠం అక్షరాలా పాటించారు. 2012 అక్టోబరులో వచ్చిన గిట్ 1.8.0 నుంచి, అమరిక పెట్టుకోని వాడుకరి పుష్ చేసిన ప్రతిసారీ ఒక హెచ్చరిక కనిపించేది. పద్ధతి మారబోతోందని, ఏ విడుదలలో మారుతుందో చెబుతూ, పాత పద్ధతి ఉంచుకోవాలంటే ఏ ఆదేశం టైపు చేయాలో, కొత్తది ఇప్పుడే కావాలంటే ఏది టైపు చేయాలో రెండూ రాసి చూపింది. ఆ రెండింటిలో ఏది చేసినా హెచ్చరిక ఆగిపోతుంది. పాత కంప్యూటర్లలోని పాత గిట్‌కు సింపుల్ అన్న పేరే తెలియదు కాబట్టి, రెండు రకాల కంప్యూటర్లు వాడేవాళ్లు కరెంట్ పెట్టుకోమని కూడా చెప్పింది. ఒక హెచ్చరికలో అంతదూరం ఆలోచించడం అరుదు.

ఏడాదిన్నర పైచిలుకు అలా వేచి, 2014 మేలో 2.0 అనే పెద్ద సంఖ్యతో డిఫాల్ట్ మార్చారు. అంకె మారడమే ఒక ప్రకటన. మారాక కూడా మరి కొన్నాళ్లు "ఇది మారింది" అని చెబుతూనే ఉండి, 2016లో ఆ సందేశాన్ని తీసేశారు. అమరిక ఇచ్చిన 2009 నుంచి లెక్కిస్తే ఏడేళ్లు. ఇప్పటికీ మ్యాచింగ్ కావాలనుకునేవాడు ఒక్క లైనుతో దాన్ని తెచ్చుకోవచ్చు.

ఈ వరసలోని న్యాయం గమనించాలి. నోరు తెరిచి తన ఇష్టం చెప్పినవాడి అమరికను ఎవరూ ముట్టుకోలేదు. మారింది మౌనంగా ఉన్నవాడి విషయమే, అదీ పదేపదే చెప్పాక.

గిట్ 2.0 వచ్చిన అయిదో రోజున, 2014 జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కొత్త వాహనాలకు ఏపీ బదులు టీఎస్ అక్షరాలు వచ్చాయి. 2024 మార్చిలో అది టీజీగా మారింది. ఇవాళ పత్తర్‌గట్టి రోడ్డు మీద నిలబడి చూస్తే మూడు రకాల నంబరు ప్లేట్లూ పక్కపక్కనే పోతుంటాయి. కొత్తగా రిజిస్టరయ్యేవాటికి కొత్త నియమం, పాతవాటికి పాత గుర్తు. లక్షల బండ్లు ఆగకుండా నడుస్తున్న రోడ్డు మీద నియమం మార్చడానికి ఇది ఆచరణలో నిలిచిన దారి.

తెలుగు అక్షరాలూ ఈ దారినే వచ్చాయి

ఈ పనిముట్టు మనకు దూరంగా లేదు. మీరు ఇంటర్నెట్‌లో చూసే తెలుగు అక్షరాల్లో కొన్ని గిట్ రెపోలలో ఉన్నవే. రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, ఎన్టీఆర్ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందుబాటులో పెట్టింది. వాటిలో చాలావాటి తెలుగు అక్షరాల రూపకర్త పురుషోత్ కుమార్ గుత్తుల. గూగుల్ ఫాంట్స్ కోసం ఆ ప్రాజెక్టులను హైదరాబాదు నుంచి నడిపినవాడు అప్పాజీ అంబరీష దర్భా. ఆ ఫాంట్ల మూల ఫైళ్లు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్నాయి.

తెలుగు ఫాంటు అంటే యాభై ఆరు అక్షరాలతో అయిపోయేది కాదు. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిసి వందలాది రూపాలు గీయాలి. ఏ హల్లు కింద ఏ వత్తు ఎంత దిగాలో, ఎంత పక్కకు జరగాలో విడిగా నియమాలు రాయాలి. మామూలు ప్రోగ్రాముల్లో ఇద్దరు వేర్వేరు లైన్లు మారిస్తే గిట్ వాటిని తనంతట తాను కలిపేస్తుంది. ఒకే అక్షరం గీతలను ఇద్దరు మారిస్తే అలా కలపడం కష్టం. ఎవరిదో ఒకరిది వదులుకోవాలి, లేదా మళ్లీ గీయాలి. అలాంటి పనిలో ఒకరి పాత ప్రతి మరొకరి కొత్త ప్రతి మీద వాలకూడదు. పనిచేస్తున్న బ్రాంచి ఒక్కటే, తన చోటికే వెళ్లే పద్ధతి ఇక్కడ నేరుగా శ్రమను కాపాడుతుంది.

భద్రతకూ వేగానికీ మధ్య

సింపుల్‌తో కథ ముగియలేదు. తన కంప్యూటర్‌లోని బ్రాంచి నుంచి కొత్త బ్రాంచి తెరిచి మొదటిసారి పుష్ చేసే ప్రతివాడికీ "ఈ బ్రాంచికి మూలం లేదు" అన్న ఆటంకం ఎదురైంది. అక్కడ చూపిన పొడవాటి ఆదేశాన్ని నకలు చేసి అతికించడం రోజువారీ తంతుగా మారింది. 2022 జూన్‌లో వచ్చిన గిట్ 2.37 దీనికి ఒక అమరిక ఇచ్చింది. పెట్టుకున్నవాడికి మూలం తనంతట తానే కుదురుతుంది. దాన్ని అందరికీ డిఫాల్ట్ చేయలేదు. ఫోర్స్ విషయంలోనూ 2013లోనే మెరుగైన దారి వచ్చింది. నేను చివరిసారి చూసినప్పటి స్థితిలోనే సర్వర్ ఉంటేనే పక్కకు నెట్టు, మధ్యలో ఎవరైనా పంపి ఉంటే ఆగు అని చెప్పే మాట అది. అదీ అడిగితేనే పనిచేస్తుంది.

ముందు ఇంకా పెద్ద మార్పు ఉంది. కమిట్ గుర్తులను తయారుచేసే షా-1 సూత్రం బలహీనపడిందని 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు రుజువు చేశారు. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే గుర్తు వచ్చేలా చేసి చూపారు. గిట్ 3.0లో కొత్త రెపోలకు మరింత బలమైన షా-256ను డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. ఇక్కడా మారేది కొత్తగా పుట్టే రెపోలకే. పుష్ విషయంలో నేర్చుకున్న సహనమే ఇక్కడా పనికి వస్తోంది.

ఈ మార్పులన్నిటినీ కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. వాడుకరి ఏమీ చెప్పనప్పుడు, పనిముట్టు తన ఊహ తప్పైతే ఎంత నష్టమో ముందు లెక్కించాలి. అత్యధికులకు ఏది కావాలన్న ప్రశ్న ఆ తరవాతిది. ఒక బ్రాంచి వెళ్లకపోతే మళ్లీ పంపుకోవచ్చు, అర నిమిషం పని. వెళ్లకూడని పది బ్రాంచీలు వెళితే జట్టంతా రోజంతా సరిదిద్దుకోవాలి. ఈ రెండు తప్పుల బరువు ఒకటి కాదు. డిఫాల్ట్ ఎప్పుడూ తేలికైన తప్పు వైపే ఒరగాలి.

ఈ సూత్రం ప్రోగ్రామర్లకే పరిమితమైతే ఒక అధ్యాయం రాయవలసిన పని లేదు. మన చేతిలోని ఫోను చూడండి. రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోనూ అక్షరాలు చదవగలిగే ఏర్పాటు ఫోన్లలో ఉండాలని ఐఎస్ 16333 అనే భారతీయ ప్రమాణం చెబుతోంది. తెలుగు అందులో ఉంది. అయినా ఎంతోమంది తెలుగువాళ్ల ఫోన్లలో మెనూలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు వద్దని వాళ్లు చెప్పలేదు. ఎవరూ అడగలేదు, వాళ్లు మార్చుకోలేదు. పొదుపు పథకంలో 3 శాతం దగ్గర ఆగిపోయిన ఉద్యోగులకూ, ఇంగ్లీషు మెనూ దగ్గర ఆగిపోయిన మన అమ్మానాన్నలకూ కారణం ఒక్కటే. అందుకే పనిముట్లు తయారుచేసే తెలుగు యువతీయువకులు ఆదేశాలు రాయడం నేర్చుకోవడంతో ఆగకూడదు. ఏమీ చెప్పని మనిషి తరఫున తాము నిర్ణయిస్తున్నామని గుర్తించాలి. ఆ నిర్ణయం తప్పని తేలినప్పుడు, చదవనివాడికి కూడా చేరేలా చెప్పి, వద్దన్నవాడికి దారి ఉంచి, ఓపికగా మార్చాలి. గిట్ రాసేవాళ్లు ఏడేళ్లు పట్టినా అలాగే చేశారు. అది సాధ్యమేనని మనకు ఇప్పుడు తెలుసు.